ఎంఈడీలో ముందు కోత పడేది ఆ పేపర్లకేనా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. బీఈడీ తర్వాత చదివే పీజీ కోర్సు ఎంఈడీని ఏడాదికి కుదించాలన్న ప్రతిపాదనను మెచ్చుకుంటూ మీ విద్యాపేజీలో ఈమధ్య వచ్చిన వ్యాసం చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. విద్యా తత్వశాస్త్రం, విద్యా సామాజిక శాస్త్రం పేపర్లు తరగతి గదికి అక్కరకు రావనీ, అవి తగ్గితే నైపుణ్యాలకు సమయం దొరుకుతుందనీ వ్యాసకర్త తేల్చేశారు. ఆ పేపర్లు చెబుతూనే రిటైరైన వాణ్ణి. వాటిని అంత తేలిగ్గా తీసిపారేస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

ఎంఈడీ ఒకప్పుడు ఏడాది కోర్సే. దేశంలో టీచర్ల శిక్షణ కోర్సులకు నిబంధనలు పెట్టే ఎన్‌సీటీఈ 2014లో తెచ్చిన నిబంధనలతోనే అది రెండేళ్లయింది. టీచర్ల శిక్షణపై సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదిక చూశాకే ఆ మార్పు వచ్చింది. పదేళ్లు తిరిగాయో లేదో, మళ్లీ ఏడాది చాలంటూ 2025లో ముసాయిదా తెచ్చారు. ఈ పదేళ్లలో రెండేళ్ల కోర్సు ఎక్కడ సరిగ్గా నడిచింది, ఎక్కడ నడవలేదు అన్నది తేల్చి జనం ముందు పెట్టొద్దా? ఊరికే మార్చుకుంటూ పోతే మధ్యలో నలిగేది విద్యార్థులే.

అసలు ఎంఈడీ ఎవరి కోసం? రేపు బీఈడీ, డీఎడ్ కాలేజీల్లో టీచర్లను తయారుచేసేవాళ్ల కోసం. చదువు అందరికీ ఒకేలా ఎందుకు అందడం లేదన్న ప్రశ్న వాళ్లకే తెలియకపోతే వాళ్ల దగ్గర చదువుకున్న టీచరుకు ఎలా తెలుస్తుంది? నెలలో పది రోజులు బడికి రాని పిల్లవాణ్ణి చూసి "వీడికి చదువు మీద శ్రద్ధ లేదు" అని రిజిస్టరు మూసేస్తాడు. వాడి తల్లిదండ్రులు వలస వెళ్లారా, వాడు పనికి పోతున్నాడా, క్లాసులో ఎవరైనా కులం పేరుతో పిలిచారా అని అడగడు. అడగాలని అతనికి నేర్పినవాళ్లు లేరు. పాఠం చెప్పే పద్ధతులు ఎన్ని నేర్పినా ఈ చూపు అలవడదు. దానికి చదవాలి, వాదించుకోవాలి, ఊళ్లోకి వెళ్లి చూడాలి. వీటన్నిటికీ సమయం కావాలి.

సామాజిక న్యాయం పాఠం ఎక్కడో విదేశాల్లో పుట్టిందన్నట్టు రాశారు వ్యాసకర్త. 1848లో పుణెలో ఆడపిల్లలకు బడి తెరిచిన ఫూలే దంపతులు ఏ దేశం వాళ్లు? శ్రమ చేసే జనం కట్టిన పన్నులు పైవర్గాల చదువుకు పోతున్నాయనీ, ముందు ప్రాథమిక విద్య సంగతి చూడమనీ 1882లో బ్రిటిష్ ప్రభుత్వం విద్యపై వేసిన హంటర్ కమిషన్‌కు జోతిరావు ఫూలే విజ్ఞాపన రాసిచ్చారు. హైదరాబాద్‌లో దళిత పిల్లలకు బడులు పెట్టిన భాగ్యరెడ్డి వర్మ మనవాడే. అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో తత్వవేత్త జాన్ డ్యూయీ దగ్గర చదువుకుని వచ్చిన అంబేడ్కర్ ఆ ఆలోచనలకు ఇక్కడి కులవ్యవస్థ ముందు పరీక్ష పెట్టారు. ఎంఈడీ విద్యార్థి వీళ్ల రాతలు నేరుగా చదవాలి. గైడులో రెండు పేరాలు బట్టీపట్టి గట్టెక్కితే అది పీజీ చదువు కాదు.

ఈ పేపర్లు నీరసంగా సాగుతున్నాయన్న మాటను మాత్రం నేను కాదనను. దానికి కారణం సబ్జెక్టు కాదు. పోస్టులు ఏళ్ల తరబడి నింపకుండా గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొస్తున్నారు. నేను తనిఖీకి వెళ్లిన ఒక కాలేజీలో విద్యా సామాజిక శాస్త్రం చెప్పే మనిషే లేడు, టైంటేబుల్‌లో మాత్రం వారానికి నాలుగు పీరియడ్లు! క్లాసుకు రానక్కర్లేని నాన్ అటెండింగ్ అడ్మిషన్లకు ఒక రేటు, రికార్డులకు ఒక రేటు. దేశంలో పదివేలకు పైగా ఉన్న, వేరే కోర్సులేవీ లేని విడి టీచర్ ట్రైనింగ్ సంస్థల్లో ఎక్కువభాగం డిగ్రీలు అమ్ముకుంటున్నాయని వర్మ కమిషన్‌ను ఉటంకిస్తూ 2020 జాతీయ విద్యావిధానమే రాసుకుంది. అమ్మేవాళ్ల మీద చర్య తీసుకోకుండా కోర్సు పొట్టి చేస్తే వాళ్లకు సరుకు ఇంకా త్వరగా అమ్ముడవుతుంది, అంతే.

ఎంఈడీలో రాసే పరిశోధన వ్యాసాలు, డిసర్టేషన్ల గతీ అదే. "ఉన్నత పాఠశాల విద్యార్థుల వైఖరి, సాధన" అని ఒక శీర్షిక, ఎవరిదో పాత ప్రశ్నావళి, చివర టి-టెస్టు అనే ఒక గణాంక పరీక్ష. పదో తరగతి తర్వాత ఆడపిల్లలు ఎందుకు ఆగిపోతున్నారో, సంక్షేమ హాస్టళ్లలో పిల్లలు ఎలా చదువుతున్నారో ఎవరికీ పట్టదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు 25 శాతం సీట్లు ఇవ్వాలన్న 12(1)(సి) నిబంధన ఆంధ్రప్రదేశ్‌లో మొదలవడానికే పదేళ్లు దాటింది. అలా చేరిన పిల్లల్ని ఆ బడులు ఎలా చూస్తున్నాయి, ఎవరి పక్కన కూర్చోబెడుతున్నాయి, యూనిఫాం, పుస్తకాల ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? ఒక్కొక్కటీ ఒక మంచి పరిశోధనకు సరిపోయే ప్రశ్న. పిల్లల్ని కొట్టకూడదని, మానసికంగా వేధించకూడదని అదే చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. దెబ్బలు తిన్న పిల్లల వార్తలు మాత్రం మీ జిల్లా పేజీల్లో ఆగడం లేదు.

పత్రికలకూ ఒక మాట చెప్పాలి. విద్యాపేజీ అంటే ర్యాంకులు, కటాఫ్‌లు, నోటిఫికేషన్లు అయిపోయింది. డీఎస్సీ ఎప్పుడు పడుతుందో రాస్తారు. ఆ డీఎస్సీలో నెగ్గిన టీచరు ఏ పిల్లల ముందు నిలబడబోతున్నాడో రాయరు.

ఎన్‌సీటీఈని అడిగేది ఒక్కటే. ఏడాది ఎంఈడీలో తత్వశాస్త్రం, సామాజిక శాస్త్రం, విద్యాచరిత్ర పేపర్లకు ఎన్ని క్రెడిట్లు ఉంటాయో, క్షేత్ర అధ్యయనానికి ఎన్ని వారాలిస్తారో, వాటిని చెప్పే శాశ్వత అధ్యాపకులు లేని కాలేజీకి గుర్తింపు రద్దు చేస్తారో లేదో తుది నిబంధనల్లో స్పష్టంగా రాయాలి. మన రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు కూడా దీనిపై తమ వైఖరిని బహిరంగంగా చెప్పాలి. ఆ జవాబులు వస్తే మీ పత్రిక మొదటి పేజీలో వేయగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత బీఈడీ కళాశాల అధ్యాపకుడు