పెంటికల కోసం జాగారం

విజయనగరం,
గురువారం మధ్యాహ్నం

ఒరేయ్ శ్రీనుగా,

తిట్టకు. నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అంటూ ఫ్రిజ్ మీద పెట్టాను, దాని మీద కరెంటు బిల్లు చేరింది, దాని మీద శుభలేఖలు. అందరం బాగానే ఉన్నాం. చెల్లికి సంబంధం కుదిరేలా ఉంది, నాన్న మోకాలు అలాగే ఉంది, గంటస్తంభం దగ్గర ట్రాఫిక్ నువ్వున్నప్పటికంటే ఘోరం. వార్తలు సమాప్తం. అసలు సంగతి విను.

మా కుందేలు బెల్లంగాడికి ఆపరేషన్ చేయించాం.

ఆ ఆపరేషనే, పిల్లలు పుట్టకుండా చేసేది. హాస్టల్ ఆరో నంబరు గది గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది, డాక్టరుగారి ముందు నవ్వాపుకోలేక చచ్చాను. ఏం చెయ్యమంటావు, ఆర్నెల్లు నిండేసరికి వీడికి మదమెక్కింది. సోఫా మీద, గోడల మీద ఉచ్చ చిమ్మడం, నడిచేవాళ్ళ కాళ్ళ చుట్టూ గింగిరాలు. పెదనాన్న వస్తే ఆయన కాలు వదిలితే ఒట్టు. పైగా పక్కింటి పాప కుందేలు మిఠాయితో వీడికి స్నేహం కలపాలని మా ప్లాన్. ఊరికే కలిపితే నెలకో కాన్పు, ఎవడు పెంచుతాడు?

తప్పు మొదట్లోనే చేశాను. మనుషులకిలాగే అనుకుని ముందు రాత్రి నుంచి పస్తు పెట్టాను. వైజాగ్‌లో డాక్టరుగారు "ఏం తిన్నాడు?" అంటే "ఏమీ పెట్టలేదండి" అన్నాను, గొప్పగా. ఆయన కళ్ళజోడు తీసి నాకేసి చూశారు. కుందేలుకి వాంతి కాదటరా! అందుకని కడుపు ఖాళీ చెయ్యక్కర్లేదు. పైగా దాని పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి, ఆగితే ప్రాణం మీదికే. అప్పటికప్పుడు గరిక తెప్పించి తినిపించి, కొంతసేపు ఆగి, అప్పుడు చేశారు. పంపించేటప్పుడు ఒకటే మాట: "పొద్దుటికి పెంటికలు పడాలి. పడకపోతే ఫోన్ చెయ్యి." కుట్ల గురించి కంటే వాటి గురించే ఎక్కువ చెప్పారు.

బుట్ట ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటికొచ్చాం. రంపపు పొట్టు వెయ్యొద్దన్నారు, కుట్లకి అంటుకుంటుందని. నాన్న పాత లుంగీ పరిచి, సీసాలో వేణ్ణీళ్ళు పోసి గుడ్డ చుట్టి పక్కన పెట్టాం. వాడు ముద్దలా ముడుచుకుని గోడకి మొహం పెట్టాడు. పళ్ళు పటపటా నూరుతున్నాడు. చలేమో అనుకుని ఇంకో దుప్పటి తెచ్చాను. చలి కాదు, నొప్పి. నొప్పుంటే తినడు, తినకపోతే పేగు ఆగుతుంది, అందుకే నొప్పి మందు మానొద్దన్నారు. ఆ చుక్కలు వేశాం. కొత్తిమీర ముక్కు దగ్గర పెడితే, ఎప్పుడూ లాక్కునేవాడు, మొహం తిప్పేసుకున్నాడు.

ఇక అమ్మ రంగంలోకి దిగింది. డాక్టరుగారిచ్చిన పొడి నీళ్ళలో కలిపి సూది లేని సిరంజిలో ఎక్కించాను, కానీ నాకు చేతకాలేదు, సగం నా చొక్కా మీదే. అమ్మ లాక్కుని, వాణ్ణి తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, ముందు పళ్ళ పక్కనుండే సందులోంచి ఒక్కొక్క చుక్కా వదిలింది. మింగేదాకా ఆగడం, మళ్ళీ చుక్క. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని నేను పాఠం చెప్పబోతే, "నీకు ఉగ్గు పట్టిందెవర్రా?" అంది.

నవ్వుకుంటున్నావు కదూ. రాత్రి రెండు గంటలప్పుడు నాకు నవ్వు రాలేదురా. ఒక్క పెంటిక లేదు. శుభ్రంగా గెంతుకుంటున్నవాణ్ణి తీసుకెళ్ళి కోయించింది నేనే కదా. మన టామీగాడప్పుడు కూడా నేనే... సరే, వదిలెయ్.

నాన్న సంగతి చెప్పాలి. "కుందేలుకి ఆపరేషనేటి, మీకు పనీ పాటా లేదు" అని ముసుగుతన్నినాయన, నాలుగింటికి టార్చి పట్టుకుని వచ్చి లుంగీ మీద వంగి చూస్తున్నారు. ఉన్నట్టుండి ఒకటే కేక: "ఓలే, లెగు! పడ్డాయి!" నాలుగు. రోజూ సెనగల్లా ఉండేవి మిరియాలంత, ఎండిపోయి. ఆయనే లెక్కపెట్టారు, రెండుసార్లు. అమ్మ ఆ వేళప్పుడు టీ పెట్టింది. ముగ్గురం నేల మీద కూర్చుని తాగుతూ వాటికేసే చూస్తున్నాం! పోలేరమ్మ జాతరకి కూడా నేనింత జాగారం చెయ్యలేదు.

ఈ పొద్దున గరిక తిన్నాడు, పెంటికలూ లావయ్యాయి. అక్కడ కొంచెం వాపుంది, రోజుకి రెండుసార్లు చూడమన్నారు. కుట్లు నాకకుండా మెడకి పెట్టే గొట్టం మాత్రం పెట్టలేదు. ఎందుకంటే వీడు మెత్తటి పెంటికలు ఇంకో రకం వేస్తాడు, వాటిని కిందికి వంగి నేరుగా నోటితో అందుకుని తినాలి, అది వాడి ఒంటికి అవసరం. నాన్న అది కళ్ళారా చూసి ఇడ్లీ పళ్ళెం పక్కన పెట్టేశారు.

మిఠాయిని ఇప్పుడే కలపకూడదట. ఆపరేషనైనా కొన్ని వారాలు వీడి వల్ల కడుపు రావచ్చు, కనీసం నెలన్నర దూరంగా ఉంచమన్నారు. పాప రోజూ గేటు దగ్గర నిలబడి "అంకుల్, ఇంకెన్ని రోజులు?" అంటోంది. దానికి ఏం చెప్పాలో నాకు తెలీక నిన్న

అమ్మ పిలుస్తోందిరా, మందు టైమైంది, నేను పట్టుకుంటే గానీ వాడు ఆగడు. మిగతాది తర్వాత. ఆరో నంబరు సంగతి మీ ఆవిడకి చదివి వినిపించకు.

నీ
బాబ్జీ