పేజ్‌మేకర్ ఫైళ్ళలోని తెలుగును యూనికోడ్‌లోకి మార్చాలి

సంపాదకులు గారికి,

1990ల నుంచి మన డీటీపీ కేంద్రాల్లో కూర్చిన తెలుగు పుస్తకాలు చాలావరకు పుటలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, 'అను' వంటి ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తలకట్టు, గుడి, వత్తు వంటి తెలుగు ముక్కలను నిలిపినవి కావడం వల్ల, ఫాంటు తోడు లేకపోతే ఆ ఫైలులో ఉన్నది తెలుగని కంప్యూటరుకు తెలియనే తెలియదు.

మా నాన్నగారి వ్యాస సంపుటిని మలిముద్రణకు సిద్ధం చేద్దామని పాత సీడీ తీసినప్పుడు ఇది నాకు అనుభవంలోకి వచ్చింది. సీడీ చెడలేదు, ఫైలూ చెక్కుచెదరలేదు. తెరిచే సాఫ్ట్‌వేరే లేదు. 2001లో వచ్చిన 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కు మరో పెద్ద వెర్షన్ రాలేదు, దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్లు ఆ ఫైళ్ళను తెరవవు. పాత కంప్యూటరును ఇంకా వాడుతున్న ఒక మిత్రుడి దగ్గర తెరిపించి, తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న యూనికోడ్‌లోకి మార్పిస్తే వత్తులు తారుమారయ్యాయి, ప్రూఫులు మొదటి పేజీ నుంచి మళ్ళీ దిద్దుకోవలసి వచ్చింది.

పీడీఎఫ్ ఉంది కదా అన్న ధీమా చాలామందిలో ఉంది. ఫైళ్ళను చిరకాలం దాచడానికి 2005లో ఐఎస్‌ఓ అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన పీడీఎఫ్/ఏ, ఫాంట్లను ఫైలులోనే పొదగాలంటుంది కాబట్టి పుట రూపం నిలుస్తుంది. కానీ అందులోని 'బి' స్థాయి కంటికి కనిపించే రూపానికి మాత్రమే హామీ ఇస్తుంది. పాత ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌లో 'గోదావరి' అని వెతికితే దొరకదు. చూపు లేని పాఠకులకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలను పలుకుతుంది. 2011లో వచ్చిన ఆ ప్రమాణపు రెండో భాగంలోని 'యు' స్థాయి ప్రతి అక్షరానికీ యూనికోడ్ విలువ అడుగుతుంది గానీ, ఆ విలువ నిజంగా తెలుగుది కావాలంటే ముందు పాఠాన్నే మార్చుకోవాలి.

అందువల్ల అకాడమీలు, విశ్వవిద్యాలయాల ప్రచురణ విభాగాలు, సొంతంగా పుస్తకాలు వేసుకున్న రచయితలు ప్రతి పుస్తకానికీ దిద్దిన యూనికోడ్ పాఠాన్ని, పీడీఎఫ్/ఏ ప్రతిని దాచాలి. అసలు పేజ్‌మేకర్ ఫైలునూ, వాడిన ఫాంటు పేరు, వెర్షన్ వివరాలనూ పారేయకూడదు. మార్పిడిలో తప్పు బయటపడిన రోజున సరిచూసుకోవడానికి అదే అసలు ఆధారం. ఏ ఫైలు ఏ ఫార్మాటులో ఉందో తెలియని సీడీలు పేరుకుపోయినవారు, ఫైలు లోపలి గుర్తులను బట్టి ఫార్మాటును పోల్చే డ్రాయిడ్ అనే సాఫ్ట్‌వేర్ వాడవచ్చు. బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్ దాన్ని ఉచితంగా ఇస్తోంది.

ఆ ఫాంట్ల లోతుపాతులు తెలిసిన డీటీపీ పనివారు ఇప్పటికీ మన ఊళ్ళలో ఉన్నారు. ఈ మార్పిడిని వారికి అప్పగించి, ప్రూఫులు దిద్దే శ్రమకు కూడా తగిన ప్రతిఫలం ఇచ్చే ఏర్పాటును రెండు తెలుగు రాష్ట్రాల భాషా సాంస్కృతిక శాఖలు వెంటనే చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి