శీనూ, ఆ కిటికీలోని మనిషి గురించి

ఒరేయ్ శీనూ,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు చాలా ఆలస్యమైంది, కోప్పడకు. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, చిన్నదాని పరీక్షలు అయిపోయాయి, నేను బాగానే ఉన్నాను. ఇంటి సంగతులు ఇంతే. అసలు విషయం నీకు చెప్పేదాకా నాకు నిద్రపట్టేట్టు లేదు.

పోయిన వారం ఒక లావుపాటి బొమ్మల పుస్తకం చేతికొచ్చింది. జేమ్స్ గిల్రే అని, రెండు వందల ఏళ్ల కిందటి లండన్ కార్టూనిస్టు. రాగి రేకు మీద గీసి, అచ్చు తీసి, ఆ కాగితాలకు చేత్తో రంగులు వేసేవారట. హన్నా హంఫ్రీ అనే ఆవిడ వాటిని తన దుకాణం అద్దాల వెనక పెడితే జనం వీధిలో గుంపుగా నిలబడి చూసేవాళ్లు. వెనక బెంచీలో నీ నోట్‌బుక్ చుట్టూ మనం మూగినట్టే! ఆ 'మీసాల గుమ్మడికాయ' బొమ్మ ఇంకా నీ దగ్గర ఉందా? ఉంటే పారేయకు.

సరే, 1806 బొమ్మ. ఇంటి ముందు ఇద్దరు నిలబడి ఉంటారు. లావుగా ఉన్నాయన చార్లెస్ జేమ్స్ ఫాక్స్, అప్పట్లో అక్కడ పేరుమోసిన రాజకీయ నాయకుడు. రెండోవాడు లార్డ్ హెన్రీ పెట్టీ, కొత్త ఆర్థికమంత్రి, అప్పటికింకా 26 నిండలేదు. పై అంతస్తు కిటికీలోంచి జాన్ బుల్ తల బయటపెట్టి మాట్లాడుతున్నాడు. జాన్ బుల్ అంటే అక్కడి సామాన్యుడికి వాళ్లు పెట్టుకున్న పేరు. పేరులోనే ఎద్దు ఉంది చూడు, కాడి మోయడానికే పుట్టినట్టు. ఇన్ని పన్నులకు డబ్బు ఎక్కడ తెచ్చేది, తలదాచుకోను చోటు కూడా మిగిలేలా లేదే అని మొత్తుకుంటాడు. ఫాక్స్ ఏమంటాడో తెలుసా? నీకు ఇల్లెందుకు, పై గది ఉందిగా, దానికీ ఖర్చెక్కువైతే అటకెక్కు, లేదంటే నేలమాళిగలోకి దిగు, పన్ను మాత్రం కట్టాల్సిందే, అంతా నీ దేశం మంచికే అంటాడు.

అది చదివి పుస్తకం మూసేశాన్రా. కాసేపటికి మళ్లీ తెరిచాను.

ఎందుకంటే ఆ ఫాక్స్ ఫ్రాన్సుతో యుద్ధం వద్దని ఏళ్ల తరబడి పార్లమెంటులో కొట్లాడినవాడు. బొమ్మ పేరులోనే అతన్ని 'ప్రజల మిత్రుడు' అన్నాడు గిల్రే. జనవరిలో ప్రధాని పిట్ పోయాడు, ఫాక్స్ వర్గం ప్రభుత్వంలోకి వచ్చింది. కొద్ది నెలలకే ఆదాయపు పన్ను 6.25 శాతం నుంచి 10 శాతానికి పెంచారు. నువ్వైతే, యుద్ధం నడుస్తుంటే పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారంటావు. నిజమే, ఫాక్స్ అప్పుడు కూడా శాంతి కోసం మాటలు సాగిస్తూనే ఉన్నాడు, ఆ సెప్టెంబరులో చనిపోయాడు. గిల్రే అతనికి అన్యాయం చేశాడని కూడా అనిపిస్తుంది. కానీ కిటికీలో ఉన్నవాడికి తలుపు తట్టేది పిట్ అయితేనేం, ఫాక్స్ అయితేనేం?

అసలు ఆదాయపు పన్ను మొదలైందే ఈ యుద్ధం కోసం, 1799లో, పిట్ చేతుల మీదుగా. ఏడాదికి 60 పౌండ్లలోపు వాళ్లకు లేదు, 200 దాటితే పదో వంతు. అంతకుముందే జుట్టుకు పూసుకునే పౌడర్ మీద ఏడాదికో గినీ (పౌండు కన్నా కాస్త ఎక్కువ విలువ చేసే నాణెం), కుక్కల మీద పన్ను. కిటికీల మీద పన్నైతే అంతకు వందేళ్ల కిందటి నుంచే ఉంది. కిటికీలు మూయించుకుని చీకట్లో బతికినవాళ్లున్నారు. మన మూడో కిటికీ గుర్తొచ్చింది నాకు, నీకూ వచ్చి ఉంటుంది.

ఇంకోటి. 1793 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైంది. జూన్‌కల్లా గిల్రే నాలుగు గళ్ల బొమ్మ వేశాడు. మొదటి గడిలో జాన్ బుల్ పెళ్లాంబిడ్డలతో చలిమంట దగ్గర హాయిగా ఉంటాడు. రెండో దాంట్లో సైన్యంలోకి పోతాడు. మూడో దాంట్లో భార్య ఇంటి సామాను తాకట్టుకు మోసుకెళ్తుంది. నాలుగోది... ఒంటికాలితో, కర్రల సాయంతో తిరిగొస్తాడు. ఇంట్లోవాళ్లు చిక్కి శల్యమై ఉంటారు. నాలుగు నెలలకే రా! ఆ యుద్ధం, మధ్యలో కొద్ది విరామం తప్ప, 1815 దాకా సాగింది.

ఇక నన్ను బాగా కష్టపెట్టింది చెప్తాను. 1797 నుంచి గిల్రేకి పిట్ ప్రభుత్వం గుట్టుగా ఏడాదికి 200 పౌండ్లు ఇచ్చేదట. అంటే ఫాక్స్ మీద అంత కసి... ఏమో. ఎవరి బాధ గీశాడో వాళ్ల పన్నులోంచే అతని జీతం. రెండు రోజులు మనసు విరిగిపోయింది. అయినా మళ్లీ ఆ కిటికీ బొమ్మే తెరిచాను. గీసినవాడి చెయ్యి ఎవరిదైనా, జాన్ బుల్ ముఖంలో అబద్ధం లేదు. నేనలాగే అనుకుంటున్నాను, నువ్వేమంటావో రాయి.

చివరి రోజుల్లో గిల్రేకి మతి చెడింది. 1815 జూన్ 1న పోయాడు. ఫ్రాన్సుతో ఆ యుద్ధాన్ని తేల్చేసిన వాటర్లూ పోరు జూన్ 18న. ఆదాయపు పన్ను తీసేసింది ఆ మరుసటి ఏడు. అంటే ఇంకొక్క

అమ్మ పిలుస్తోంది, బండి వచ్చేసింది. మిగతాది మళ్లీ రాస్తాను. నువ్వు మాత్రం వెంటనే రాయి.

నీ
గుమ్మడికాయ దొంగ