దూరపు విమానాశ్రయం లెక్క

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. నీ ఫోను వచ్చి 19 రోజులయింది. పనిలో మునిగి ఉంటావని నేను మీ అమ్మకు చెప్పాను. ఆమె కూడా నాకు అదే మాట చెప్పింది.

ప్రత్యేకంగా ఏదో అడగాలని ఈ ఉత్తరం రాయడం లేదు. నిన్న చిట్టి మాటల మధ్యలో, పోయిన నెల నువ్వు దగ్గరలోని విమానాశ్రయాన్ని కాదని రెండున్నర గంటల దూరంలో ఉన్నదానికి వెళ్ళావనీ, తెల్లవారుజామున విమానం కావడంతో రాత్రంతా అక్కడ కుర్చీలో ఒంటరిగా కూర్చున్నావనీ చెప్పింది. చిట్టి ఒకటికి రెండు కలిపి చెప్పే మనిషని నాకు తెలుసు. ఆ కలిపినది తీసేసి చూసినా నాకు నిద్ర పట్టలేదు.

టికెట్టు చవకగా వచ్చిందన్నావట. అలాంటి దూరపు విమానాశ్రయాలు ఊరికే చవక కావు. విమానం దిగినందుకూ, నిలిపి ఉంచినందుకూ సంస్థలు కట్టవలసిన రుసుము అక్కడ తక్కువగా ఉంటుంది. రద్దీ లేనందున దిగిన విమానం త్వరగా తిరిగి ఎగురుతుంది. అలా మిగిలినదాంట్లో కొంత టికెట్టులో తగ్గుతుంది. అక్కడిదాకా చేరే భారం మాత్రం ప్రయాణికుడిదే. ఫ్రాంక్‌ఫర్ట్ పేరు తగిలించుకున్న హాన్ విమానాశ్రయం ఆ నగరానికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది. పారిస్ పేరు చెప్పుకునే బోవే సుమారు 85 కిలోమీటర్లు. కనుక పేరును నమ్మకుండా మ్యాపు చూసుకోవాలి.

అయితే దగ్గరిదే ఎప్పుడూ మేలని నేను అనను. దగ్గరలోని చిన్న విమానాశ్రయంలో ఒకటి రెండు సంస్థలే విమానాలు నడుపుతూ ఉంటే పోటీ లేక ధర ఎక్కువగా ఉండవచ్చు. ఒక విమానం రద్దయితే తరువాతిది మర్నాటికో ఆ మర్నాటికో గాని ఉండదు. పగటిపూట ప్రయాణం, చేతిసంచి ఒక్కటే సామాను, నేరుగా వెళ్ళే బస్సు ఉన్నప్పుడు దూరపుదానికి వెళ్ళడం తెలివైన పనే. నీ తరఫున కూడా ఆలోచించానని చెప్పడానికే ఇది రాశాను. కానీ అర్ధరాత్రి, ఒంటరిగా?

చిట్టి పురిటికి మేము వెళ్ళినప్పటి సంగతి నీకు సగమే తెలుసు. అప్పుడు ఆ దూరపు విమానాశ్రయాన్ని వెతికి పట్టుకున్నవాణ్ణి నేనే. విమానం ఉదయం ఆరింటికి. కౌంటరు గంట ముందే మూసేస్తారు. మొదటి రైలు చేరేది 5.40కి. ఈ మూడు సంగతులూ నాకు విడివిడిగా తెలుసుగాని, కలిపి చూసుకున్నది ముందురోజు సాయంత్రమే. రాత్రి ఒంటిగంటకు టాక్సీ మాట్లాడితే మిగిలిందనుకున్న దాంట్లో సగం దానికే పోయింది. తీరా వెళితే మా టికెట్టుకు చిన్న సంచి మాత్రమే చెల్లుతుందన్నారు. మీ అమ్మ అందరి ముందూ పెట్టె నేల మీద తెరిచి, రెండు స్వెట్టర్లు ఒకదానిమీద ఒకటి తొడుక్కుని, అయినా మూడు కిలోలు ఎక్కువ తూగితే ఆ డబ్బూ కట్టాము. విమానం గంట ఆలస్యమైంది, దిగినచోట ఊరికి వెళ్ళే బస్సు వెళ్ళిపోయింది, తరువాతి దానికోసం మోకాలి నొప్పితో ఆమె నాలుగు గంటలు బల్ల మీద కూర్చుంది. బోర్డింగు పాసు వెనకవైపు లెక్క వేసి, మిగిలింది ఎంతో చూసి, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎంత మిగిలిందని మీ అమ్మ అడగలేదు. నాలుగు రోజులపాటు ఇంకే సంగతీ కూడా అడగలేదు.

ఉపన్యాసం ఇవ్వకూడదనే మొదలుపెట్టాను గాని, ఈ ఒక్కటీ విను. టికెట్టు ధరకు ఇంటి గుమ్మం నుంచి దిగవలసిన గుమ్మం వరకు అయ్యే బండి ఖర్చు, సామాను రుసుము, రాత్రి బస కలిపి, ఆ తరువాత పోలిక చూడు. రెండు విడి టికెట్లు కొని మధ్యలో విమానం మారకు. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే సాధారణంగా ఆ నష్టం నీదే, ఒకే టికెట్టయితే తరువాతి విమానంలో చేర్చే బాధ్యత సంస్థది. నగరం పేరుతో వెతికితే అన్ని విమానాశ్రయాలూ కలిసి వస్తాయి: టోక్యో అంటే నగరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని నరిటా కావచ్చు, 15 కిలోమీటర్ల దూరంలోని హనేదా కావచ్చు. ఒకదాంట్లో దిగి మరొకదాంట్లో ఎక్కవలసి వస్తే పరుగు తప్పదు.

ఇంకొక మాట. నువ్వు చిన్నప్పటి నుంచీ పిసినారివి కావు. పై అంతస్తు పనికి నువ్వు పంపిన సొమ్ము వల్ల నీకు చేతిలో ఇబ్బందిగా ఉండి ఆ రాత్రి కుర్చీలో కూర్చోవలసి వచ్చిందా? అలాగైతే చెప్పు; ఆ పని ఆగిపోయినా ఎవరికీ నష్టం లేదు, మేస్త్రీ కూడా ఎలాగూ రావడం లేదు. అలా కాకపోతే నేను అడగనట్టే అనుకో.

స్వెట్టరు పెట్టెలో కాక చేతిసంచిలోనే ఉంచుకోమని రాయమంటూ మీ అమ్మ పక్కనే నిలబడి ఉంది. వచ్చే నెల ఏ విమానాశ్రయం నుంచి బయలుదేరుతున్నావో, మూడక్షరాల కోడ్‌తో సహా, ఉత్తరం అందిన రోజే ఫోనులో పంపు. ఎంత రాత్రయినా ఫరవాలేదు, మేలుకునే ఉంటాము.

ఇట్లు
నాన్న