బూస్టర్ పెట్టుకుంటే నేరం. మరి ఇంట్లో సిగ్నల్ ఇవ్వాల్సింది ఎవరు?

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి శ్రీ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా మందస. సెల్‌ఫోన్ రిపేరు కొట్టు నడుపుతున్నాను. డిస్‌ప్లేలు మారుస్తాను, ఛార్జింగ్ పిన్నులు వేస్తాను, నీళ్లలో పడిన ఫోన్లని బతికించే ప్రయత్నం చేస్తాను. ఈమధ్య కొట్టుకొచ్చేవాళ్లలో చాలామంది ఫోను మాట పక్కనపెట్టి ఇంకోటి అడుగుతున్నారు. "బాబూ, ఏదో డబ్బా పెడితే ఇంట్లో సిగ్నలొచ్చీస్తాదట కదా, మాకూ ఒకటి తెప్పించీ."

వాళ్లడిగేది సిగ్నల్ బూస్టర్, అంటే బయటి సిగ్నల్‌ని పట్టి, బలం పెంచి ఇంట్లో వదిలే పెట్టె. అది నేను అమ్మను. లైసెన్సున్న టెలికాం కంపెనీలు తప్ప ఎవరూ బూస్టర్లు కొనకూడదు, అమ్మకూడదు, బిగించకూడదు, అసలు దగ్గర ఉంచుకోకూడదని మీ శాఖ 2022లోనే స్పష్టంగా చెప్పింది. నిజం చెప్పాలంటే ఆ నిబంధన తప్పని నేననను. ఎందుకో నా కళ్లతో చూశాను.

పలాస దగ్గర ఒక ఊళ్లో మా బంధువులు ఆన్‌లైన్‌లో కొని బిగించుకున్నారు. డాబా మీద ఇనప పైపు, దానికి పాత టీవీ యాంటెనా లాంటిది. అక్కణ్నుంచి నల్ల కేబులు వెంటిలేటర్‌లోంచి హాల్లోకి దిగి, గోడకున్న పెట్టెలోకి వెళ్తుంది. ఆ పెట్టె నుంచి ఇంకో చిన్న యాంటెనా స్లాబుకి, సరిగ్గా పైదాని కిందే. రెండింటికీ మధ్య ఉన్నది ఒక్క స్లాబు. పెట్టె మీద ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతోంది. కిందిది వదిలిన సిగ్నల్‌నే పైది మళ్లీ పట్టుకుంటోంది. తీర్థాల్లో మైకుని సౌండు బాక్సు ముందు పెడితే కూత వస్తుంది చూడండి, ఇదీ అంతే. కాకపోతే ఈ కూత మన చెవికి వినపడదు, టవర్‌కి వినపడుతుంది. ఆ రొదలో మిగతా ఫోన్ల మాట టవర్‌కి సరిగా అందదు. పక్కింటాయన ఫోను మాటిమాటికీ కట్టవుతుంటే పాపం ఆయన సిమ్ మార్చేశాడు. ఆ పెట్టె ప్లగ్గు పీకించాకే ఆయన బాధ తీరింది.

అందుకని ఎవరికి వారు బూస్టర్లు తగిలించుకోవాలని నేనడగడం లేదు. కానీ జనం ఆ డబ్బా కోసం ఎందుకు వెతుకుతున్నారో మీరు కూడా చూడాలి.

మా ఉద్దానం సంగతి మీకు తెలిసే ఉంటుంది. కొబ్బరితోటలు, జీడితోటలు, వాటి మధ్యలో ఊళ్లు. పడమటివైపు మహేంద్రగిరి కొండలు. పిల్లలు హైదరాబాదో, చెన్నయ్యో, గల్ఫో వెళ్లి కష్టపడి డబ్బు పంపుతారు. ఆ డబ్బుతో పెంకుటిల్లు తీసేసి డాబా వేస్తారు. పెంకుటింట్లో ఏ మూలనైనా పలికిన ఫోను డాబాలో పలకదు. ఇనప ఊచలు, కాంక్రీటు, దట్టమైన ఇటుక గోడలు సిగ్నల్‌ని సగంలోనే మింగేస్తాయి. ఇల్లు కట్టించిన కొడుకు ఫోన్ చేస్తే తల్లి మెట్లెక్కి పిట్టగోడ దగ్గరికి పోవాలి. వానొస్తే అదీ లేదు.

ఫోను మీది సిగ్నల్ గీతల్ని నమ్మకుండా నేను సెట్టింగుల్లో డీబీఎం అంకె చూస్తాను. అది సిగ్నల్ బలాన్ని చెప్పే కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు. మా ఇంటి డాబా మీద మైనస్ 85 ఉంటుంది, వంటింట్లో మైనస్ 115. వినడానికి ముప్పయ్యే తేడా. లెక్కలో పదికి పదింతలు చొప్పున, ముప్పైకి వెయ్యింతలు తగ్గినట్టు. అంత బలహీనమైన సిగ్నల్‌తో టవర్‌ని అందుకోవాలంటే ఫోను తన పవరంతా వాడేస్తుంది. అందుకే ఇంట్లో పెట్టిన ఫోను ఊరికే వేడెక్కుతుంది, మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతుంది. బ్యాటరీ పోయిందని నా దగ్గరికి తెచ్చినవాటిలో చాలావాటికి బ్యాటరీ శుభ్రంగానే ఉంటుంది. మార్చి డబ్బు తీసుకోవచ్చు, మనసొప్పక వెనక్కి పంపిస్తాను.

ఇది ఒట్టి కబుర్లకి పనికొచ్చే ఫోనైతే ఇంత ఉత్తరం రాయను సార్. బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, గ్యాస్ బుకింగ్ అన్నీ అందులోనే. ఒకటో తారీకున పింఛను పట్టుకొచ్చిన సచివాలయం అమ్మాయి, మెషీన్‌కి నెట్ అందక, మంచం మీదున్న ముసలమ్మని వీధిలోకి తీసుకురమ్మంటుంది. మన రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలందించే "మన మిత్ర" మొదలెట్టింది. మంచిదే, కానీ ఆ మిత్రుడు మా ఇళ్లలో గడప దాటి లోపలికి రావడం లేదు. కిడ్నీ జబ్బులతో డయాలసిస్‌కి తిరిగే కుటుంబాలు ఇక్కడ ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి 108కి ఫోన్ చేయాలంటే ముందు డాబా ఎక్కాలి.

కంపెనీకి ఫిర్యాదు చేశాను. "మీ ఏరియాలో నెట్‌వర్క్ బాగుంది సార్, ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. ఫోన్లు బాగుచేసేవాడికి ఆ సలహా! ఫిర్యాదు పరిష్కరించామని సాయంత్రానికి మెసేజ్ కూడా వచ్చింది, నేను డాబా మీదుండగా. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాక కంపెనీలు వెబ్‌సైట్లలో కవరేజ్ మ్యాపులు పెట్టాయి కదా, అవీ చూశాను. మా వీధికి రంగు వేసే ఉంది. వీధిలో నిలబడితే అదీ నిజమే. సిగ్నలే లేని 24,680 ఊళ్లకి 4జీ ఇవ్వడానికి కేంద్రం 2022లో 26,316 కోట్లు మంజూరు చేసింది. ఆ ఊళ్లకి ముందు రావడమే న్యాయం. మా బాధ ఏమిటంటే మేము కవరేజ్ ఉన్న లెక్కలో ఉన్నాం, కాబట్టి ఏ జాబితాలోకీ రాం.

వైఫై కాలింగ్ (టవర్ బదులు ఇంటి ఇంటర్నెట్ మీద ఫోన్ మాట్లాడటం) ఉంది కదా అంటారు. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లకి నేనే సెట్టింగ్ ఆన్ చేసి పంపిస్తున్నాను, పైసా తీసుకోను. చక్కగా పనిచేస్తుంది. కానీ నెలనెలా ఇంకో బిల్లు కట్టగలిగే ఇళ్లెన్ని? పెద్దవాళ్ల చేతుల్లోని బటన్ ఫోన్లలో ఆ సౌకర్యం ఉండదు. కరెంటు పోతే రూటర్ కూడా పోతుంది.

నేనడిగేది ఒక్కటే. బూస్టర్ పెట్టే హక్కు కంపెనీలకే ఉందని మీరన్నారు. సరే, అయితే పెట్టే బాధ్యత కూడా వాళ్లకే అప్పగించండి. వీధిలో సిగ్నలుండి ఇంట్లో లేదని ఎవరైనా రాసిస్తే, కంపెనీ మనిషి ఇంటికొచ్చి లోపల కొలవాలి. నిజమని తేలితే, నెట్‌వర్క్‌కి ఇబ్బంది కలగని రిపీటరో (అదీ బూస్టర్ లాంటిదే), చిన్న సెల్లో (బుల్లి టవర్ లాంటిది) గడువులోగా కంపెనీయే బిగించాలి. ఊరకే ఇమ్మనడం లేదు, నెలకింతని వాయిదాలు పెట్టినా కడతాం. పెద్ద ఆఫీసులకీ, షాపింగ్ మాల్స్‌కీ లోపల యాంటెనాలు బిగిస్తున్న కంపెనీలకి ఈ పని కొత్త కాదు.

అమెరికాలో చాలాకాలం ఉన్నారు, అక్కడి పద్ధతి మీకు తెలియనిది కాదు. అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2013లో నిబంధనలు తెచ్చి, ప్రమాణాలకి సరిపోయే బూస్టర్‌ని మామూలు జనం కూడా పెట్టుకోనిచ్చింది. కంపెనీ అనుమతి ఉండాలి, కంపెనీ దగ్గర నమోదు చేయించాలి. నేను పలాసలో చూసిన లాంటి కూత మొదలైతే ఆ పెట్టె తనంతట తానే ఆగిపోవాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం స్థానంలో 2023లో మనకీ కొత్త టెలికాం చట్టం వచ్చింది. దాని కింద రాసే నిబంధనల్లో ఇలాంటి దారి ఒకటి తెరవడం మీకు పెద్ద పని కాదనుకుంటున్నాను.

ఈలోగా ఆన్‌లైన్ అమ్మకాలు గట్టిగా ఆపించండి. నాలాంటి కొట్టువాడు భయపడి అమ్మడం మానేస్తే, అదే పెట్టె కొరియర్‌లో ఇంటికొస్తోంది. కొన్నవాడికి అది నేరమని తెలియదు. పెట్టె మీద ఎవరూ రాయలేదు, వెబ్‌సైట్‌లో ఎవరూ చెప్పలేదు. రేపు అధికారులు వస్తే ఆ పెట్టెతో పట్టుబడేది ఆ ముసలి తల్లిదండ్రులే.

మీ శాఖ ఇంజనీర్లని ఒకసారి మా మండలానికి పంపండి. ఏ ఇంటికెళ్లాలో నేను చూపిస్తాను. మీటరు మాత్రం జీపులో పెట్టుకుని వీధులు తిరిగేసి పోకుండా, వంటింట్లోకీ, పెద్దవాళ్లు పడుకునే గదిలోకీ తెచ్చి, తలుపు వేసి కొలవమనండి.

భవదీయుడు,
మందస నుంచి ఒక సెల్‌ఫోన్ రిపేరు కొట్టువాడు