వచ్చే అప్‌డేట్ తర్వాత మీ అవైలబిలిటీ శాతం మారుతుంది, కంగారు పడకండి

మా మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న అందరికీ నమస్కారం.

వచ్చే అప్‌డేట్‌తో డ్యాష్‌బోర్డ్ మీద ఒక అంకె చాలామందికి మారిపోతుంది. అదే యంత్రాల అవైలబిలిటీ శాతం, అంటే మొత్తం సమయంలో యంత్రం ప్రొడక్షన్‌కి అందుబాటులో ఉన్న వాటా. కొందరికి పెరుగుతుంది, కొందరికి తగ్గుతుంది. యంత్రాలు ఎప్పటిలాగే ఉంటాయి, మేం లెక్కపెట్టే తీరు మారుతోంది. మీ పైవాళ్ళు ఆ గ్రాఫ్ చూసి ఫోన్ చేసేలోపే మీ దగ్గర జవాబు ఉండాలని ఇది రాస్తున్నాను.

ఇప్పటిదాకా యంత్రం స్టేటస్ వర్క్ ఆర్డర్ (మరమ్మతు పని కోసం సాఫ్ట్‌వేర్‌లో తెరిచే రికార్డు) వెంట నడిచేది. బ్రేక్‌డౌన్ వర్క్ ఆర్డర్ తెరిస్తే యంత్రం ఎరుపు, మూసేస్తే పచ్చ. ఎవరూ అదనంగా ఒక్క బటన్ కూడా నొక్కనక్కర్లేదు కాబట్టి అందరికీ సుఖంగానే ఉండేది. కానీ వర్క్ ఆర్డర్ చెప్పేది మనుషులు చేసిన పని గురించి. యంత్రం ఏ నిమిషంలో ఆగిందో, ఏ నిమిషంలో మళ్ళీ లేచిందో దానికి పట్టదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాత్రి 9 గంటలకు కన్వేయర్ బెల్టు తెగింది. నైట్ షిఫ్ట్‌లో ఎవరూ సాఫ్ట్‌వేర్ తెరవలేదు. మర్నాడు ఉదయం 8కి సూపర్‌వైజర్ వచ్చి వర్క్ ఆర్డర్ వేశారు. బెల్టు మధ్యాహ్నం 2కి చేరింది, టెక్నీషియన్ 4కల్లా బిగించేశాడు. ట్రయల్ చూసి ప్రొడక్షన్ వాళ్ళు 6 గంటలకు సరే అన్నారు. బిల్లులు, సంతకాలు అన్నీ అయి వర్క్ ఆర్డర్ మూతపడింది మాత్రం ఆ తర్వాత రెండో రోజు ఉదయం 11కి.

యంత్రం ఎంతసేపు ఆగింది? టెక్నీషియన్‌ని అడిగితే 2 గంటల పని అంటాడు. వర్క్ ఆర్డర్‌ని అడిగితే 51 గంటలు. ప్రొడక్షన్‌కి నిజంగా యంత్రం చేతిలో లేనిది 21 గంటలు. రోజంతా నడిచే ప్లాంటులో 30 రోజుల నెలకి 720 గంటలు. అదే యంత్రానికి అదే నెలలో అవైలబిలిటీ వరసగా 99.7, 92.9, 97.1 శాతం వస్తుంది. ఇంత తేడా ఉన్న అంకె పట్టుకుని మీటింగులో వాదించుకోవడం వృథా.

అందుకే ఇకమీదట యంత్రం స్టేటస్ వేరు, వర్క్ ఆర్డర్ స్టేటస్ వేరు. యంత్రం ఆగినప్పుడు ఆపరేటర్ ఫోన్లో 'ఆగింది' నొక్కాలి. తిరిగి అప్పగించినప్పుడు ప్రొడక్షన్ వాళ్ళే 'తీసుకున్నాం' నొక్కాలి, మెయింటెనెన్స్ వాళ్ళు కాదు. ఈ రెండో షరతు కొందరికి నచ్చదని తెలుసు. అయినా తీసేయడం లేదు. బాగుచేసినవాడే బాగుందని సర్టిఫికెట్ ఇచ్చుకుంటే ఆ స్టేటస్‌ని ఎవరూ నమ్మరు.

ఎరుపు, పచ్చ రెండే చాలు అని మీలో చాలామంది అడిగారు. ఆలోచించాం, చాలవు. సెమీకండక్టర్ పరిశ్రమ వాడే ఈ10 ప్రమాణం యంత్రం సమయాన్నంతా ఆరు రకాల స్థితులుగా విడగొడుతుంది. మామూలు ప్లాంటుకి అంత వివరం భారమే. అలాగని 'ఆగింది' అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు దాక్కోకూడదు: మరమ్మతు జరుగుతోంది, స్పేర్ కోసం ఎదురుచూపు, ముందే అనుకున్న సర్వీసింగ్. పై ఉదాహరణలో 21 గంటల్లో చేతిపని 2 గంటలే. మిగతాదంతా ఎవరూ చూడని రాత్రి, రాని బెల్టు, ట్రయల్. ఇవి విడివిడిగా కనపడకపోతే నింద మొత్తం టెక్నీషియన్ నెత్తిన పడుతుంది, స్టోర్స్ వాళ్ళు హాయిగా ఉంటారు.

నడుస్తున్న వైపు కూడా మూడు స్థితులు ఉంటాయి: నడుస్తోంది, స్టాండ్‌బై (సిద్ధంగా ఉంది, పని లేదు), తగ్గించి నడుస్తోంది. సగం వేగంతో లాక్కొస్తున్న యంత్రాన్ని పచ్చగా చూపించి ఊరుకుంటే ప్లానింగ్ వాళ్ళు పూర్తి ఆర్డర్ దాని మీదే వేస్తారు.

మోటారు కరెంటు చూసి స్టేటస్ దానంతట అదే మారేలా పెట్టొచ్చు కదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. మోటారు తిరగడం లేదంటే యంత్రం చెడిందని కాదు. ఆర్డర్ లేకపోవచ్చు, ఆపరేటర్ రాకపోవచ్చు. మోటారు తిరుగుతున్నా యంత్రం ప్రొడక్షన్‌కి అందుబాటులో ఉన్నట్టు కాదు, అది ట్రయల్ కావచ్చు. కాబట్టి సెన్సర్ అనుమానం మాత్రమే తెలుపుతుంది, "ఆగినట్టుంది, నిజమేనా?" అని అడుగుతుంది. తేల్చాల్సింది మనిషే.

ప్లాన్ చేసిన సర్వీసింగ్‌ని డౌన్‌టైమ్‌లో కలపాలా వద్దా అన్నది పాత తగువు. టీపీఎం (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్) అనే యంత్రాల నిర్వహణ పద్ధతికి పేరు తెచ్చిన సెయిచి నకజిమా చెప్పిన ఓఈఈ (యంత్రం మొత్తం పనితీరును కొలిచే అంకె) లెక్కలో ప్లాన్ చేసిన ఆపుదలను ముందే తీసేసి, మిగిలిన సమయం మీదే అవైలబిలిటీ చూస్తారు. రోజంతా నడిచే ప్లాంట్లలో చాలామంది అన్నీ కలిపే చూస్తారు. మేం రెండూ ఇస్తున్నాం. ఏది ఎంచుకున్నారో రిపోర్టు పైనే అచ్చవుతుంది, దాన్ని దాచే వీలు లేదు. బ్రేక్‌డౌన్‌ని ప్లాన్ పద్దులో తోసేయాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది కాబట్టి, షిఫ్ట్ మొదలయ్యేలోపు వర్క్ ఆర్డర్ ఉంటేనే 'ప్లాన్' అనే ఎంపిక తెరుచుకుంటుంది.

నెట్ లేని చోట ఫోన్లో నొక్కితే, నొక్కిన సమయమే నమోదవుతుంది, సర్వర్‌కి చేరిన సమయం కాదు. ఫోన్ గడియారం తప్పుగా ఉంటే ఆ ఎంట్రీ పక్కన గుర్తు పడుతుంది, సూపర్‌వైజర్ సరిచేయొచ్చు. సరిచేసినవారి పేరు రికార్డులో ఉంటుంది.

ఇంకా రానివి కూడా చెప్పాలి. రెండు పంపుల్లో ఒకటి చాలినప్పుడు, ఒకటి ఆగినా లైను ఆగదు. ఆ లైను అవైలబిలిటీని లెక్కగట్టడం మా సాఫ్ట్‌వేర్‌కి ఇంకా చేతకాదు, ఒక్కో పంపుది విడిగానే చూపిస్తుంది. తేదీ చెప్పి మిమ్మల్ని ఆశపెట్టను. అప్పటిదాకా ఎక్సెల్ తప్పదు.

పాత డేటాని కొత్త పద్ధతిలోకి మార్చడం లేదు. యంత్రం ఆగిన సమయం ఎవరూ రాయనప్పుడు దాన్ని మేం ఊహించి నింపలేం. గ్రాఫ్‌లో మార్పు జరిగిన రోజున ఒక నిలువు గీత ఉంటుంది. ఆ గీతకి అటూ ఇటూ పోల్చకండి. టెక్నీషియన్ల బోనస్‌ని ఈ శాతానికి ముడిపెట్టిన సంస్థలు దయచేసి ముందే వాళ్ళతో మాట్లాడండి.

ఇంకో ముఖ్యమైన మాట. స్క్రీన్ మీద పచ్చగా ఉందని ఎవరూ స్విచ్ వేయకూడదు. ఎవరూ స్విచ్ వేయకుండా మరమ్మతు చేసేవాళ్ళు పెట్టిన తాళం, ట్యాగు యంత్రం మీద ఉంటే అదే ఆఖరి మాట. మా స్టేటస్ ప్లానింగ్ కోసం, ప్రాణాల మీదికి తెచ్చుకోవడానికి కాదు. ఈ హెచ్చరిక యాప్‌లో కూడా కనిపిస్తుంది, దాన్ని ఆపే సెట్టింగ్ ఇవ్వలేదు.

కొన్నాళ్ళు పాత పద్ధతిలోనే ఉంటామనేవాళ్ళు సెట్టింగుల్లో అలాగే ఉంచుకోవచ్చు. ఒకే సంస్థలో ఒక ప్లాంటు పాత లెక్కలో, ఇంకోటి కొత్త లెక్కలో ఉంటే మాత్రం మొత్తం శాతం చూపించం, ఆ గడి ఖాళీగా వస్తుంది.