ఈ ఏడాది ఏం చేశాం, ఎక్కడ తడబడ్డాం: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. నివేదిక కాస్త ఆలస్యమైంది, రాయాల్సిన వాలంటీర్లకే పరీక్షలు పడ్డాయి. అసలు విషయం ముందే చెప్పేస్తాం: సైన్సు ప్రయోగాలు చూపించడానికి ఈ ఏడాది తక్కువ బడులకు వెళ్లాం, అదీ కావాలనే. అంతకుముందు ఏడాది ఊరి తర్వాత ఊరు తిరిగాం, ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి, కానీ రెండోసారి వెళ్లిన చోట పిల్లల్ని అడిగితే "మంట వచ్చింది", "రంగు మారింది" తప్ప ఏమీ గుర్తులేదు. చేసింది మనం, చూసింది వాళ్లు, అంతే. అందుకే ఈసారి ఎంచుకున్న బడులకే మళ్లీ మళ్లీ వెళ్లాం, సామానంతా పిల్లల చేతికే ఇచ్చేశాం.

అన్నిటికంటే బాగా నడిచింది లోలకం. దారం, రాయి, గోడకు మేకు, టైం చూడ్డానికి మనవాళ్ల ఫోను, అంతకుమించి ఏమీ లేదు. బరువు పెంచితే తొందరగా ఊగుతుందా అంటే క్లాసంతా అవునంది, తీరా పెద్ద రాయి కట్టి చూస్తే టైం మారలేదు. దారం మీటరు ఉంటే పది ఊపులకు దాదాపు 20 సెకన్లు, 25 సెంటీమీటర్లకు తగ్గిస్తే 10. పొడవు నాలుగో వంతైతే టైం సగమే ఎందుకైందని ఒక గుంపు చాలాసేపు వాదించుకుంది. ఇంకో గుంపుకు మాత్రం మీటరు దారానికి ఎన్నిసార్లు చూసినా 18 సెకన్లే. తప్పెక్కడుందో మన వాలంటీర్‌కు తెలిసిపోయింది, నోటిదాకా వచ్చిన మాటను ఎలాగో ఆపుకుంది. చివరికి ఆ గుంపులోని అమ్మాయే పట్టుకుంది: రాయి వదులుతూనే "ఒకటి" అనేస్తున్నారు, అంటే "పది" అనేసరికి అయ్యేది తొమ్మిది ఊపులే! సున్నాతో మొదలుపెట్టగానే 20 వచ్చింది. దీనికే పీరియడ్ మొత్తం అయిపోయింది, అయస్కాంతాల పెట్టె ఆ రోజు తెరవనే లేదు.

ఇక మన తప్పులు. నీళ్ల పళ్లెంలో వెలిగే కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే నీళ్లు పైకెక్కుతాయి కదా, ఆక్సిజన్ ఖర్చైపోయింది కాబట్టి ఆ చోటులోకి నీళ్లొచ్చాయని మన కరదీపికలో రాసుకున్నాం. ఒక అబ్బాయి అడిగాడు, "మరి మంట వెలుగుతున్నప్పుడు ఎందుకు ఎక్కలేదు, ఆరాకే ఎందుకు?" మన దగ్గర జవాబు లేదు. తర్వాత మేమే కూర్చుని చేసి చూస్తే, గ్లాసు పెడుతున్నప్పుడు అంచు కింద నుంచి బుడగలు పోతున్నాయి. వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది, మంట ఆరాక మిగిలింది చల్లబడి కుంచించుకుంటుంది, అప్పుడు నీళ్లెక్కుతాయి. ముఖ్య కారణం అదీ. తర్వాతి సారి వెళ్లి తప్పు చెప్పామని ఒప్పుకున్నాం, కరదీపికలో ఆ పేజీ మార్చాం. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1860 చివర మొదలుపెట్టి కొవ్వొత్తి మీదే పిల్లలకు ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు, మనమేమో పది నిమిషాల్లో తేల్చేద్దామనుకున్నాం.

ఇంకొకటి, నిజంగా సిగ్గుపడాల్సింది. తెల్ల ఎల్ఈడీలు పంచి, గుంపుకు ఒక్కో బ్యాటరీ సెల్ పెట్టాం. ఎల్ఈడీకి దాదాపు 3 వోల్టులు కావాలి, సెల్ ఇచ్చేది 1.5. ఒక్కటీ వెలగలేదు! పిల్లలు తామే ఏదో పాడుచేశామని భయపడ్డారు, అది మాత్రం బాధనిపించింది. పక్క గుంపుతో కలిసి రెండు సెల్స్ వరుసగా కలిపి, ఎల్ఈడీ తీగల్లో పొడుగుదాన్ని ప్లస్ వైపు పెట్టాక గాని వెలగలేదు. ఇకమీదట పెట్టెలో పెట్టే ప్రతిదీ బయల్దేరే ముందురోజు ఒకసారి చేసి చూడాల్సిందే.

మేము ఆలస్యంగా గమనించిన సంగతి ఒకటుంది. సామాను మగపిల్లల చేతుల్లో, పెన్నూ కాగితం ఆడపిల్లల చేతుల్లో. ఎవరూ చెప్పకుండానే అలా అయిపోతోంది. ఇప్పుడు ప్రతి కొలతకూ పని మారాలని నియమం పెట్టాం, మొదట్లో గోల చేశారు గాని అలవాటైపోయింది.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపుతున్నాం, సర్వసభ్య సమావేశంలో అడగాల్సినవి అడగండి. టీచర్లు మాత్రం ఒక్కటే అడుగుతున్నారు: మీరు వెళ్లిపోయాక కూడా సామాను బడిలోనే ఉండాలి. న్యాయమే కదా. కాబట్టి వచ్చే ఏడాది ప్రతి బడిలో ఒక పెట్టె వదిలేసి వస్తాం. దానికి మూత గట్టిగా పడే డబ్బాలు, దారం ఉండలు, కొలత టేపులు కావాలి. వాలంటీర్లుగా పేరిచ్చేవాళ్లు ఏడాది పొడవునా అదే బడికి రాగలమనుకుంటేనే ఇవ్వండి.